అత్తయ్య వీపు రుద్దిన మనిషి

మనాలి వెళ్లినప్పుడు, పక్కనే ఉన్న వశిష్ఠ్ ఊళ్లో ఆడవాళ్ల వేడినీటి గుండానికి అత్తయ్యను తీసుకెళ్లాను. టికెట్టు లేదు, ఎంతసేపైనా ఉండొచ్చు. ఉయ్యూరు ఎండలకు అలవాటుపడ్డ మేమిద్దరం బయట చలికి వణికిపోయి, మెడదాకా ఆ నీళ్లలో కూర్చున్నాం. అత్తయ్య మోకాళ్ల నొప్పుల మాటే మరిచిపోయారు.

గుండంలో ఊరి ఆడవాళ్లు ఒకరి వీపు ఒకరు రుద్దుకుంటున్నారు. తెలిసినవాళ్లా, కొత్తవాళ్లా అన్న పట్టింపే లేదు. వాళ్లలో ఒకామె అత్తయ్యను వెనక్కి తిరగమని సైగ చేసింది. అత్తయ్య చిన్నపిల్లలా తిరిగి కూర్చున్నారు. ఆమె రుద్దుతుంటే కళ్లు మూసుకుని నవ్వారు కూడా.

నాకు ఒళ్లు మండింది. నా పెళ్లైన కొత్తలో ఒకసారి నాచేత రుద్దించుకుని, ఆ తర్వాత పదిహేనేళ్లుగా ఎప్పుడడిగినా వద్దనే మనిషి!

“నేను రుద్దుతానంటే వద్దంటారు కదత్తయ్యా?” అన్నాను, ఉండబట్టలేక.

ఆవిడ కళ్లు తెరవలేదు. “నువ్వు పొయ్యి మీద కుక్కర్ పెట్టొచ్చి రుద్దావే. చెయ్యి నా వీపు మీద, చెవులు విజిల్ మీద. ఈవిడకి తొందర లేదమ్మా” అన్నారు.

ఆ పరాయి మనిషి మీద కుళ్లు మాత్రం తగ్గలేదు. అంతలో ఆమె అత్తయ్యను వదిలి నా భుజం తట్టింది. ముఖం ముడుచుకునే వెనక్కి తిరిగాను. ఆ చెయ్యి మెడ దగ్గర నుంచి నడుము దాకా మెల్లగా దిగి, మళ్లీ మెల్లగా పైకి వచ్చింది.

అత్తయ్య అన్నది నిజమే. దాంతో ఇంకా కుళ్లుకున్నాను.