పన్నెండో శాలువా

2023 నవంబరు 18, శనివారం, సాయంత్రం ఆరు గంటలు. బర్ దుబాయ్‌లో మా తెలుగు సంఘం అద్దెకు తీసుకున్న హాలు. హాజరైనవారు: సంఘం అధ్యక్షుడు, వేదిక మీద పదకొండుమంది దాతలు, మా మనవరాలికి బ్యాలే నేర్పే అర్జెంటీనా టీచరు, మనవరాలు, మినిట్స్ రాసే నేను, బిర్యానీ కోసం వచ్చిన ఎనభైమంది.

ఆనాటి అంశం అర్జెంటీనాలో బ్యాలే తొలినాళ్ళు. టీచరు నాలుగు పేజీలు చేత్తో రాసి ఇస్తే వారంపాటు కూర్చుని తెలుగు చేశాను. మనవరాలు చదవాలి. అందులోని కథ ఇది: పూర్వం ఇటలీ ఒపెరా బృందాలు ఓడల్లో వచ్చి, అంకాల మధ్య నాట్యం చేయించి, సీజను కాగానే మళ్ళీ ఓడెక్కేవి. చాలాకాలానికి గాని అక్కడి రంగశాలకు సొంత బృందం ఏర్పడలేదు. అప్పుడు ఊళ్ళోని ఆడపిల్లలు వెనక వరసలో నిలబడ్డారు. వాళ్ళలో ఒకావిడే ముసలితనంలో మా టీచరుకు నేర్పిందట.

"ఆవిడ పేరు నేను చూసిన ఏ పుస్తకంలోనూ లేదు. ఒక్కసారి మైకులో వినబడితే చాలు" అంది నాతో. నెలాఖరుకు ఆమె వీసా అయిపోతోంది. మళ్ళీ రాదు.

మా అధ్యక్షుడికి చరిత్ర అంటే తన ఫొటోల ఆల్బం. టీచరుకు మొదటి శాలువా కప్పాడు. దాతల్లో ఒకరికి కప్పి ఒకరిని వదిలేస్తే అలుగుతారు కనుక అందరికీ కప్పడం మొదలుపెట్టాడు. ప్రతి శాలువాకూ ఒక పరిచయం, ఒక దండ, ఒక ఫొటో. ఫొటో సరిగా రాలేదంటే శాలువా తీసి మళ్ళీ కప్పడం. చివరి దాత, ఒక హోటలు యజమాని, వంతు వచ్చేసరికి శాలువాలు అయిపోయాయి. అధ్యక్షుడు తడుముకోకుండా టీచరు భుజాల మీది శాలువా లాగి ఆయనకు కప్పాడు. ఇది మా ఆచారమేమో అనుకుని ఆమె లేచి నమస్కారం పెట్టింది. సభ చప్పట్లు కొట్టింది. నా చేతులూ కలిశాయి.

ఇంతలో హాలు కాపలాదారు వచ్చాడు. "ఖలాస్ సాబ్, టైమ్ ఖలాస్."

"మరి పాప చదవాలి కదండీ" అన్నాను అధ్యక్షుడితో.

"ఊరుకోండి మాస్టారూ! బిర్యానీ చల్లారిపోతోంది. బ్యాలే అంటే మునివేళ్ళ మీద నడవడం, అంతేగా? మేడమ్ అద్భుతంగా ప్రసంగించారని రాసేయండి."

"ఆవిడ నోరే తెరవలేదు."

"తెరిచారండీ, థాంక్యూ అన్నారుగా!"

దాతలు విరగబడి నవ్వారు. శాలువా కప్పుకున్నవాడికి ఏ మాటైనా హాస్యమే.

మర్నాడు ఉదయం ఏడున్నరకు అధ్యక్షుడి ఫోన్. మినిట్స్ పేపరుకు పంపాలట. రాసింది చదివి వినిపించాను: "ప్రసంగం జరగలేదు. సన్మానితులు పన్నెండుమంది, శాలువాలు పదకొండు."

"మీకు చాదస్తం ముదిరిందండీ" అని పెట్టేశాడు. అతనికి ఇంకో రాతగాడు దొరుకుతాడు, దస్తూరీ బాగుంటే చాలు.

తర్వాత మనవరాలు టీచరుకు ఫోన్ కలిపి, స్పీకరు పెట్టి, మా వంటింట్లో నిలబడి నాలుగు పేజీలూ చదివింది. తెలుగు ఒక్క ముక్క రాని ఆమె అడ్డు చెప్పకుండా వింది. మూడో పేజీలో ఆ పేరు వచ్చినప్పుడు మాత్రం ఆపి, ఆ వాక్యం మళ్ళీ చదవమంది.