పెట్రోల్ మూత తాళంచెయ్యి

పదకొండేండ్ల సంది ఒక చిన్న తాళంచెయ్యి బరువు మోస్తున్న. తూకమేస్తే తులం కూడ ఉండదు. నా పేరు చెప్పను. గద్వాలల చీరలు నేసే ఆడదాన్నని, నాకు ఒక అక్క ఉందని తెలిస్తే చాలు. ఇప్పటిదాంక ఎవరికీ మొత్తం చెప్పలేదు. మీరు నన్ను ఎరుగరు గనుకనే చెప్పగలుగుతున్ననేమో.

అక్కను వనపర్తికి ఇచ్చినం. పెండ్లికి ముందు ఇద్దరం ఒకే మగ్గం మీద చెరో పక్క కూర్చొని నేసేవాళ్లం. పెండ్లయినంక రెండేండ్లల్ల నాలుగు సార్లు కూడ రాలేదు. వచ్చినా పొద్దుగూకక ముందే పోయేది. అటువంటిది ఒక ఆదివారం బావ తన పాత కారుల మా ఇద్దరినీ కృష్ణ ఒడ్డున ఉన్న సోమశిలకు తీసుకపోయిండు. ఆ కారు పెట్రోల్ మూత ఎప్పుడో ఎక్కడో పోతే, తాళమున్న వేరే మూత కొని బిగించిండు. దాని తాళంచెయ్యి విడిగ ఉంటది. జాగ్రత్త అని అక్క చేతికిచ్చిండు.

ఆ దినం నాకు ఇప్పటికీ కల లెక్కనే ఉంటది. కృష్ణ నిండుగ ఉండె. అవతలి గుట్టలు నీళ్లల్ల తలకిందులుగ ఊగుతుండె. అక్క కుచ్చిళ్లు ఎత్తిపట్టుకొని మోకాళ్ల లోతు నీళ్లల్ల నిలబడి, తనలో తనే నవ్వుకుంటుండె. పొద్దు కదులుతుందా, ఆగిందా అన్నట్టుండె. నేను ఒడ్డున అక్క సంచి పక్కన కూర్చున్న. పెట్రోల్ అడుగంటింది, కొల్లాపూర్ల పోయించుకొని సీదా ఇంటికే పోదామని బావ అంటుంటే ఇన్న. తాళంచెయ్యి దొరకకపోతే? కొల్లాపూర్ల మా చిన్నమ్మ ఇల్లుంది. అక్కడ ఒక్క రాత్రి ఆగుతరు. ఒకే చాప మీద పండుకొని అక్కతోని ముచ్చట పెట్టొచ్చు. గంతే. గంత చిన్న ఆశ. సంచిల చెయ్యి పెట్టి తాళంచెయ్యి తీసి పిడికిట్ల మూసిన.

కొల్లాపూర్ దగ్గరికి రాంగనే బావకు ఫోన్ వచ్చింది. వాళ్లమ్మ ఇంట్ల పడిపోయిందట. వనపర్తి దవాఖానల ఏసిన్రట. కొడుకు ఏడి అని అడుగుతుందట. బంకుకాడ కారు ఆపినంక అక్క సంచి వెతికింది. బోర్లించి మళ్ల వెతికింది. అప్పుడిచ్చి ఉంటే? సీటు కింద దొరికిందని అబద్ధమాడినా సరిపోయేది. ఎందుకు ఇయ్యలేదు? బావ ముఖం చూసి భయమైంది. ఒక్క నిమిషం ఆగిన. ఆ నిమిషం గడిచినంక, అప్పుడే ఎందుకు ఇయ్యలేదో కూడ చెప్పాల్సి వస్తది కాబట్టి ఇచ్చుడు ఇంకా కష్టమైంది. రెండో నిమిషం అంతకన్న కష్టమైంది. అట్లట్ల చేతకాకుంటనే పోయింది.

పక్క దుకాణం మెకానిక్ వచ్చి కారును బంకుకు దూరంగ నెట్టించిండు. తన గుత్తిల ఉన్న తాళంచెవులన్నీ పెట్టి చూసిండు. స్క్రూడ్రైవర్ సందుల దూర్చి తిప్పితే మూత పైపైన గిరగిర తిరిగింది గాని ఊడి రాలేదు. మిషన్‌తోని కోసెయ్యమని బావ అంటే, నిప్పురవ్వ లేస్తే అందరం పోతమన్నడు. ఐదు నిమిషాలల్ల వస్తదని మాత్రం అంటనే ఉండె. ఆ మాట నమ్మి, వనపర్తి బస్సు కండ్ల ముందరి నుంచి పోతున్నా బావ ఎక్కలేదు. బస్సును నేను కూడ చూసిన. తాళంచెయ్యి ఇంకా నా పిడికిట్లనే ఉండె. ఆఖరికి ఉలి పెట్టి తాళాన్ని కొట్టి కొట్టి పగులగొట్టి, పట్టకారతోని మూత లాగిండు. పెట్రోల్ పోయించి, ట్యాంకు మూతికి గుడ్డ కుక్కి బయలెల్లినం. దారి పొడుగున పెట్రోల్ వాసన. రెండు పక్కల జొన్నచేన్లు పచ్చటి ఎండల మెల్లగ ఎనక్కి పోతుండె.

మేం పోయేసరికి ఆమెకు మాట పడిపోయింది. అరగంట ముందు దాంక కొడుకును అడిగిందని నర్సు చెప్పింది. మూడో దినం ముసలామె పానం పోయింది. తాళంచెయ్యిని దవాఖాన ఎనక మురికినీళ్ల మోరీల పడేసిన.

బావ అక్కను ఒక్క మాట అనలేదు. కాని ఆనాటి నుంచి ఏ తాళంచెయ్యీ అక్క చేతికియ్యలేదు. ఇంటిది కూడ. ఎటన్న పోయొస్తే, ఆయన వచ్చేదాంక అక్క గడప బయట మెట్ల మీద కూర్చుంటది. నేను పోయినప్పుడు రెండు మూడు సార్లు పక్కన కూర్చున్న. ఏదో ముచ్చట కూడ చెప్పిన. ఎట్ల చెప్పగలిగిన్నో.

పోయిన నెల అక్క గద్వాలకు వచ్చింది. మధ్యాహ్నం అన్నం తిన్నంక ఆ దినం మాట తనే ఎత్తింది.

"నీళ్లల్ల నిలబడ్డప్పుడు నా చేతిల నుంచే జారిపోయింది చెల్లె. పడ్డ సప్పుడు గూడ ఇన్న. ఇప్పటికీ ఇనబడుతది."

జరగని దాన్ని జరిగినట్టు నమ్మేదాంక వచ్చింది. నాకు ఊపిరాడలేదు.

"నీళ్లల్ల పడలేదక్కా. నేనే తీసిన. నువ్వు ఒక్క రాత్రి ఉంటవని తీసిన."

అక్క నా దిక్కు తిరిగింది.

"తాళం పగులగొడుతున్నప్పుడు గూడ నీ దగ్గర్నే ఉండెనా?"

"ఉండె."

అక్క లేచింది. ముఖం కడుక్కొని, చెప్పులేసుకొని, బస్టాండుకు పోయింది. ఎనక పోనీకి నాకు ధైర్యం చాలలేదు.

ఇప్పటిదాంక ఫోన్ లేదు. నేను చేసినా ఎత్తుతలేదు. బావకు చెప్పిందో లేదో తెల్వదు. చెప్పకపోతే నేనే పోయి చెప్పాలె. ఆయన ఏమంటడో, అక్క మళ్ల మా గడప తొక్కుతదో లేదో. ఒక్కటి మాత్రం మీ దగ్గర దాచను. ఉండె అని నేను అన్నప్పుడు, అక్క ముఖం కండ్ల ముందరనే తెల్లబోతున్నప్పుడు, నాకు లోపల హాయిగ అనిపించింది. అన్నేండ్లకు నిండుగ ఊపిరి తీసుకున్న. అది కూడ తప్పేనేమో. అయినా తీసుకున్న.