పావా చిప్పల పెట్టె చేసిందెవరు

2023 చలికాలం. వెల్లింగ్టన్‌కు ఉత్తరాన, సముద్రం ఒడ్డున ఉన్న ఒక చిన్న ఊరి మ్యూజియంలో కలెక్షన్స్ మేనేజర్‌గా ఉన్నాను. వచ్చిన ప్రతి వస్తువునూ పరిశీలించి, నంబరు వేసి, పాడవకుండా భద్రపరచడం నా పని. లోవర్ హట్‌లోని మా ఇంటి నుంచి రోజూ కారులో వెళ్ళేదాన్ని.

ఒకప్పుడు దక్షిణ ఇటలీ నుంచి చేపలు పట్టే కుటుంబాలు వచ్చి ఆ ఊళ్ళో స్థిరపడ్డాయి. ఇప్పుడు మిగిలినవి కొన్ని ఇళ్ళే. వాళ్ళ జ్ఞాపకాలను దాచాలని ఆ ఏడు ఒక గది కేటాయించాం. వలలు, టమాటా సాస్ కాచే గుండిగలు, పెళ్ళి ఫొటోలు వచ్చి చేరసాగాయి.

ఒకరోజు కార్లా అనే ఆవిడ తల్లి అసుంతను వెంటబెట్టుకుని వచ్చింది. అసుంతకు ఎనభై ఎనిమిదేళ్ళు. ఒళ్ళో తువ్వాలులో చుట్టిన చెక్కపెట్టె. ఇక్కడి సముద్రంలో దొరికే పావా చిప్పలు నీలం, ఆకుపచ్చ కలిసి మెరుస్తాయి. వాటి ముక్కలతో మూత మీద పడవ బొమ్మ పొదిగి ఉంది.

వస్తువు ఎవరిది, ఎలా వచ్చింది అన్న చరిత్రను మేము ప్రావెనెన్స్ అంటాం. అది అడిగాను. నెల్సన్‌లో ఒక షాపులో కొన్నామంది అసుంత. తానూ చిన్నప్పటి నుంచి అదే విన్నానంది కార్లా.

మూత తెరిస్తే లోపల ముతక బూడిదరంగు కంబళి ముక్క అతికించి ఉంది. చిప్పల అంచుల్లో చేత్తో అరగదీసిన గీతలు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఇక్కడి ఇటాలియన్ మగవాళ్ళలో కొందరిని శత్రువుల కింద జమకట్టి, వెల్లింగ్టన్ హార్బర్ మధ్య దీవిలో నిర్బంధించారు. అక్కడ పొద్దుపోక వాళ్ళు ఒడ్డున దొరికిన చిప్పలతో, కప్పుకోవడానికి ఇచ్చిన కంబళ్ళ ముక్కలతో ఇలాంటివి చేసేవారు. దీవిలో చేసిందేమోనని మెల్లగా అడిగాను.

ఆమె పెట్టెను తన వైపు లాక్కుంది. "కొన్నదే," అంది.

నేను రెట్టించలేదు. కానీ నమ్మకం లేని మాట లేబుల్ మీద రాయలేను. ఆమె చెప్పనిదీ రాయలేను. చివరికి "పావా చిప్పల పెట్టె. కుటుంబం ఇచ్చినది" అని మాత్రం రాసి, అసుంతకు ఫోన్‌లో చదివి వినిపించాను. సరేనంది.

గది తెరిచే ముందురోజు కుటుంబాలను పిలిచాం. అసుంత అన్నీ చూస్తూ వచ్చింది. వల పక్కన దాన్ని అల్లినాయన పేరు, గుండిగ పక్కన వండినావిడ పేరు. తన పెట్టె దగ్గర చాలాసేపు ఆగిపోయింది.

"మా నాన్న పేరు లేదు," అంది.

కుర్చీ తెచ్చి వేశాను. కూర్చున్నాక తనే చెప్పింది. తనకు ఐదేళ్ళప్పుడు పోలీసులు వచ్చి పడవ దగ్గర వలలు ఆరేస్తున్న తండ్రిని తీసుకుపోయారు. బళ్ళో ఎవరూ పక్కన కూర్చునేవారు కాదు. తిరిగి వచ్చినప్పుడు ఆయన చేతిలో ఈ పెట్టె ఉంది. ఎవరు అడిగినా కొన్నామని చెప్పమన్నాడు. ఆయన పోయేదాకా ఇంట్లో మళ్ళీ ఆ ఊసు రాలేదు.

"మాట ఇచ్చాను, నిలబెట్టుకున్నాను. ఇప్పుడేమో ఆయన్నే లేకుండా చేశాను."

కార్లా తల్లి ముందు నేల మీద చతికిలబడింది. "నాకైనా చెప్పాల్సిందమ్మా."

"చెబితే ఎవరిని చూసినా నీకు కోపం వచ్చేది. నువ్వు ఈ ఊళ్ళోనే బతకాలి కదా."

ఆ మధ్యాహ్నం ముగ్గురం కలిసి కొత్త లేబుల్ రాశాం. మొదట తండ్రి పేరు, తర్వాత ఆయన జాలరి అన్న మాట, ఆపైన శత్రువన్న ముద్రతో దీవిలో నిర్బంధంలో ఉండగా చేశాడని. శత్రువు అన్న మాట తీసేద్దామా అని అడిగాను. అసుంత వద్దంది. అలాగే కదా అన్నారు, ఉండనీయండి, కానీ ఆయన ఏ నేరమూ చేయలేదని కింద రాయండి అంది. రాశాను. మర్నాడు గది తెరిచినప్పుడు, చూడవచ్చిన వాళ్ళకు "ఈ పెట్టె మా నాన్న చేసింది" అని ఆమే చెబుతూ కనిపించింది.

అంతవరకు తెలియని చోట ఖాళీ వదిలేస్తే ఎవరికీ అన్యాయం జరగదనుకునేదాన్ని. ఆ ఖాళీలో ఒక మనిషి పేరు గల్లంతవుతుందని అసుంత వల్ల తెలిసింది. ఇప్పుడూ ఎవరినీ రెట్టించి అడగను. కానీ ఏ లేబులూ ఫోన్‌లో చదివి ఊరుకోను. ఇచ్చినవాళ్ళను ఆ వస్తువు ఎదుట నిలబెట్టి, వాళ్ళనే చదవమంటాను. ఆ తర్వాత తొందరపెట్టకుండా ఆగుతాను.