దుర్గాంబ తెరిచిన కంపెనీలు

దుర్గాంబకు ఉన్నది ఒకటే జబ్బు. ఏ వస్తువునైనా కాసేపు తదేకంగా చూసిందంటే దాని మీద ఒక కంపెనీ పెట్టేస్తుంది. మనసులో పెట్టుకుని ఊరుకునే రకం కాదు. కొత్త దుకాణం తెరిచే రోజున తక్కెడకు బొట్టు పెట్టినట్టు, బొడ్లో దోపుకున్న కుంకుమ భరిణె తీసి ఆ వస్తువుకు బొట్టు పెడుతుంది. అంతటితో ప్రారంభోత్సవం పూర్తి. పెట్టుబడి, సరుకు, కొనేవాళ్లు అన్నవి తర్వాత ఎప్పుడో చూసుకునే చిన్నాచితకా విషయాలు.

రెండో ప్రపంచ యుద్ధం ఇంకా ముగియని ఆ వేసవిలో, మద్రాసులో కాలేజీకి సెలవులిచ్చాక, ఆమె సొంతూరు గిద్దలూరు నుంచి మార్కాపురంలోని మేనత్త ఇంటికి వచ్చింది. వారం తిరిగేసరికి ఇంట్లో బొట్టు లేని వస్తువు మిగల్లేదు. రోటికి పెడితే పచ్చళ్ల కంపెనీ. నులకమంచానికి పెడితే నిద్ర కంపెనీ. పాలు పోసే ఎల్లమ్మ తన గేదెను వాకిట్లో కట్టి లోపలికి వెళ్లి వచ్చేలోపు దాని కొమ్ముల మధ్య కూడా ఎర్రగా ఒక బొట్టు వెలిసింది.

"ఏందమ్మా ఇది, దీనికేమన్నా పెళ్లా?" అంది ఎల్లమ్మ.

"నెయ్యి కంపెనీ ఎల్లమ్మా. నువ్వు భాగస్తురాలివి."

"మరి గేదె?"

"అది పెద్ద భాగస్తురాలు."

ఆ మర్నాటి నుంచి ఎల్లమ్మ పాలల్లో నీళ్లు తగ్గాయని వీధిలో చెప్పుకున్నారు. సొంత కంపెనీ మరి.

ఇన్ని కంపెనీలకూ మద్రాసు బ్రాంచి మేనేజరు మాత్రం ఒక్కరే: మేనత్త కూతురు రామతులసి. వదినా మరదళ్లిద్దరూ అక్కడ ఒకే కాలేజీలో బి.ఏ. చదువుతూ హాస్టల్లో ఒకే గదిలో ఉండేవాళ్లు. ఈ ఉద్యోగం నీకు ఇష్టమేనా అని రామతులసిని ఎవరూ అడగలేదు.

అడిగినా ఆమె నవ్వే స్థితిలో లేదు. ఇంకొక్క ఏడాదిలో డిగ్రీ చేతికొస్తుందనగా, సెలవులకు ఇంటికి రాగానే, బజార్లో పలకల వ్యాపారం చేసే నాయన ఉమామహేశ్వర్లు, "చదివింది చాల్లేమ్మా" అన్నాడు. కోపంగా అని ఉంటే ఎదురు చెప్పేదేమో. తమలపాకుకు సున్నం రాస్తూ ఎంత మెత్తగా అన్నాడంటే, ఆ మాటను పట్టుకోవడానికి ఎక్కడా అంచు దొరకలేదు. చదువుకున్న స్త్రీ ఇంటికి దీపమని సభల్లో చెప్పే పెద్దమనుషుల్లో ఆయనా ఒకడు. ఈ పెద్దమనుషులతో వచ్చిన చిక్కల్లా, దీపం ఏ గూట్లో ఉండాలో, ఎప్పుడు ఆర్పాలో కూడా వాళ్లే నిర్ణయించేస్తారు.

గోడు చెప్పుకుందామని మిద్దె ఎక్కితే, దుర్గాంబ ఆకాశం వైపు చూస్తూ కూర్చుని ఉంది.

"వదినా, నాయన నన్ను పంపనంటున్నాడు."

"ఆ మబ్బు చూసినావా తులసీ? దానికి బొట్టు పెట్టాలంటే ఎంత నిచ్చెన గావాల?"

"నేను చెప్పేది ఇంటున్నావా?"

"ఇంటానే ఉండా. నీడ కంపెనీ. ఎండాకాలం ఊరూరికీ మబ్బుల్ని బాడుగకిస్తాం. మద్రాసు బ్రాంచికి నువ్వే."

రామతులసికి ఏడుపొచ్చింది. అయినా కాసేపు ఆ మబ్బు వైపే చూసింది. బాడుగ మబ్బు పొదిలి రోడ్డు మీద, ఎద్దుల వీపుల మీద నీడ పరుచుకుంటూ, తొందర లేకుండా, ఎవరినీ అనుమతి అడక్కుండా మద్రాసు దాకా పోతున్నట్టు తోచింది. ఆ కంపెనీలో ఉద్యోగం చెడ్డదేం కాదు అనుకుంది.

ఒక సాయంత్రం ఇద్దరూ ఊరి బయట పలకరాయి తవ్వే చోటికి వెళ్లారు. ఉలి మెల్లగా తగలగానే నల్లరాయి పొరలు పొరలుగా విచ్చుకుంటోంది.

"ఒక్కొక్క పొరలో అక్షరాలు పండుకోనుంటాయి తులసీ. మనం పోయి లేపాల," అంటూ దుర్గాంబ భరిణె తీసింది. బండకు బొట్టు పెట్టాక ఆమె గొంతు మారింది. "ఇది మాత్రం నిజం కంపెనీ. మద్రాసులో కాగితానికి కరువొచ్చింది గదా, మన హాస్టలు పిల్లలే చిత్తు లెక్కలకు పలకలడుగుతున్నారు. బి.ఏ. అయినాక మనిద్దరం ఈ యాపారమే చేద్దాం. చదివినోళ్లంతా టీచరమ్మలే గావాలని ఎవురు చెప్పినారు?"

రామతులసి ఈసారి ఏడవలేదు. చల్లబడుతున్న ఆ రాతి మీద చెయ్యి పెట్టి, రెండు పేర్లున్న ఒక బోర్డును చాలాసేపు చూసింది. అది అక్కడ లేకపోయినా స్పష్టంగానే కనిపించింది.

అంతా బాగానే ఉంది గానీ, ఏ కంపెనీ తెరిచినా దుర్గాంబ తిన్నగా ఉమామహేశ్వర్లు దుకాణానికి పోయి, జనం నిండుగా ఉన్నప్పుడు చాటింపు వేసేది.

"మామా, అప్పడాల కంపెనీ పెట్టినాం. మద్రాసు మేనేజరు మీ తులసే."

మొదట్లో ఆయన కసురుకున్నాడు. తర్వాత "ఊఁ" అన్నాడు. ఆపైన తలెత్తకుండానే "కానీలే" అనసాగాడు. చివరికి పొదిలి నుంచి సరుకుకొచ్చిన నిత్యానందం, "మీ పాప మద్రాసులో మేనేజరంట గదా శెట్టిగారూ" అంటే, కండువా సవరించుకుని, "ఏదో, అట్ల జరుగుతా ఉంది" అన్నాడు. దుకాణం వెనక తలుపు చాటు నుంచి విన్న రామతులసి సిగ్గుతో చచ్చిపోయింది.

కాలేజీ తెరిచే రోజులొచ్చాయి. దుర్గాంబ ప్రయాణం నాటి పొద్దున ఉమామహేశ్వర్లు దుకాణం తెరిచి, నీళ్లు చల్లి, తక్కెడకు బొట్టు పెట్టి తిరిగేసరికి, మెట్ల మీద ఎవరో నిలబడి ఉన్నారు.

"ఏం కావాలమ్మా?" అని నోరు అలవాటు కొద్దీ అనేసింది. ఎవరన్నది కళ్లు తర్వాత చూశాయి.

"బోణీ బేరం మామా. ఒక పెట్టె పలకలు, మద్రాసుకు," అంది దుర్గాంబ.

ఆ బజార్లో ఏ వ్యాపారీ బోణీ బేరాన్ని వెనక్కి పంపడు. పంపితే ఆ రోజంతా దుకాణం పడకేస్తుందని నమ్మకం.

"దానికేముంది, ఇస్తా."

"పగలకుండా చూసుకునే మనిషి తోడు రావాల. పలకల సంగతి తెలిసిన ఇంటి మనిషి."

"గుమాస్తాను పంపిస్తా."

"ఆడపిల్లల హాస్టల్లోకి గుమాస్తాను రానీయరు మామా."

ఉమామహేశ్వర్లుకు ఉచ్చు కనిపించింది. "ఇంకెవురన్నా బోణీ చేసినాక మాట్లాడదాం."

"అట్లయితే ఒట్టి చేతులతో మెట్లు దిగమంటావా?"

ఆయన తక్కెడ వైపు చూశాడు. దాని మీద బొట్టు ఇంకా తడిగానే ఉంది. ఎదుటి దుకాణాలవాళ్లు పని ఆపి చూస్తున్నారు. పాలచెంబుతో పోతున్న ఎల్లమ్మ కూడా ఆగింది.

"మద్రాసులో మేనేజరు లేకపోతే మా నెయ్యి కంపెనీ ఏం గావాల శెట్టిగారూ?" అంది.

బజారంతా నవ్వింది. ఆపుకుందామని చూసి ఆయనా నవ్వేశాడు. ఒకసారి నవ్వాక మళ్లీ కాదనడానికి మొహం చెల్లదు.

"పలకల మధ్య గడ్డి దండిగా పెట్టుకోమను ఆ మేనేజరును," అన్నాడు.

మార్కాపురం రోడ్డు స్టేషను వెనకబడిపోయాక, పలకల పెట్టె మీద కాళ్లు చాపుకుని దుర్గాంబ అసలు సంగతి చెప్పింది.

"మామ చెవికి అలవాటు చేసినా. రోజూ మద్రాసు, తులసి, మద్రాసు, తులసి అంటా ఉంటే ఎంత గట్టి చెవైనా మెత్తబడదా?"

"దానికి ఒక్క కంపెనీ చాలదా వదినా? ఊరంతా నిన్ను పిచ్చిదంటిరి."

"ఒక్కటే చెప్తే అడుక్కున్నట్టుంటాది. ఇన్ని చెప్తే పిచ్చి అనుకుంటారు. పిచ్చిదానికి ఎవురూ పనిగట్టుకోని వద్దని చెప్పరు."

"మరి గేదె?"

"గేదె సంగతి ఏరే. అది కూడా నిజం కంపెనీనే."

రామతులసి వదిన బొడ్లోంచి భరిణె లాక్కుని, ఆమె నుదుటి మీద ఉన్న బొట్టు పక్కనే ఇంకొకటి పెట్టింది.

"ఏంది తులసీ, ఉండేది చాలదా?"

"కంపెనీ తెరిచినా. ఈసారి మేనేజరువి నువ్వు."

"బ్రాంచి యాడ?"

రామతులసి కిటికీలోంచి చూపించింది. నల్లమల వైపు నుంచి ఒక తెల్లమబ్బు, రైలుకు తోడుగా, మెల్లగా వస్తోంది.

దుర్గాంబ దాన్ని పైనుంచి కింది దాకా కొలతగా చూసింది.

"సరే గానీ, నిచ్చెన తెచ్చినావా?" అంది.