దొర మోటారుకు కొత్త కమాన్లు

మా చిన్నప్పుడు... నేరేడుచర్ల పక్కన మా ఊళ్లో మోటారు ఒక్క దొరకే ఉండేది. నల్లది, పాతది. బండి బరువు మోసే ఇనుప పట్టీలు, కమాన్లంటారే, అవి మా బాటల గతుకులకు అరిగి ఒకటి విరిగింది. బండి ఒక పక్కకు ఒరిగి, కుంటి గేదెలా నడిచేది.

సూర్యాపేట నుంచి కొత్తవి తెప్పించారు. వేయాల్సింది మా నాయిన. ఊరి కమ్మరి. దొర పనికి కూలి ఉండదు... వెట్టి.

మోటారును మా కొలిమి ముందు ఆపారు. దొర మాత్రం దిగలేదు. ఊరి మన్నులో కాలు పెట్టే అలవాటు ఆయనకు లేదు.

"జాకీ చెడిపోయింది దొరా" అన్నాడు డ్రైవరు.

"జాకీ ఎందుకురా? గిన్ని భుజాలున్నయి గదా!"

వెట్టివాళ్లను పిలిపించారు. బండి వెనక భాగం కింద దుంగ పెట్టి, వంగి భుజాల మీద ఎత్తి పట్టారు. నాయిన కిందికి దూరాడు. పాత కమాను ఊడదీశాడు. కొత్తదాని కన్నంలోకి చీల దిగాలి... వేళ్లు పెట్టి సరిచూస్తున్నాడు.

మోసేవాళ్ల కాళ్లు వణుకుతున్నాయి. అమ్మ చూడలేకపోయింది. కొంగు నిండా కప్పుకుని ముందుకొచ్చింది.

"నీ బాంచెన్ దొరా... జర కిందికి దిగుండ్రి. మా ఇంటాయన కింద ఉన్నడు."

అందరూ బిగుసుకుపోయారు. దొరను దిగమన్నవాళ్లు మా ఊళ్లో అంతకుముందు లేరు.

దొరకు కోపం రాలేదు. పాన్ నములుతూ, బండి పక్కన నిలబడ్డ తన గుమాస్తా వైపు చూశాడు. గుమాస్తా బొజ్జ ఊరందరికీ తెలిసిందే.

"ఏమయ్యా, నేను బరువైతున్ననంట. నువ్వు గూడ ఎక్కు, సరిపోతది!"

దొర నవ్వాడు. దొర నవ్వితే అందరూ నవ్వాలి... అది మా ఊరి కట్టడి. గుమాస్తా నవ్వుకుంటూ ఎక్కాడు. దుంగ మోసేవాళ్లూ నవ్వారు. బండి కింది నుంచి నాయిన నవ్వు కూడా వినిపించింది.

నవ్వుకు భుజాలు కదిలాయి... దుంగ జారింది.

మళ్లీ ఎత్తేసరికి నాయిన కుడిచేతి వేళ్లు కమానుకు అతుక్కుని ఉన్నాయి.

అమ్మ కొంగు చింపి కట్టింది. మిగిలిన చీల డ్రైవరు కొట్టాడు. దొర అప్పుడే మిర్యాలగూడకు బయల్దేరాడు. పోతూ తల బయట పెట్టి, "మంచిగ కూసున్నయిరా కమాన్లు... పల్లకి లెక్కున్నది" అన్నాడు.

నాయిన మళ్లీ సమ్మెట పట్టలేదు. అమ్మే కొట్టేది. ఆయన ఎడమచేత్తో పట్టుకారు పట్టేవాడు. ఇంట్లో ఎవరైనా గట్టిగా నవ్వితే లేచి బయటికి పోయేవాడు.

మీ పెద్దవాళ్లు ఏ బరువులు మోశారో... తెలిస్తే రాయండి.

ఇప్పుడు సూర్యాపేట రోడ్డు మీద షెడ్ల దగ్గర ఎంత పెద్ద కారు వచ్చినా, మెకానిక్ పిల్లలు ముందు ఒక్క మాటే అంటారు... "దిగుండ్రి సార్."

సార్లు దిగుతారు.

ఆ మాట వినడానికే నేను అక్కడ కాసేపు నిలబడతాను.