సగం చెప్పిన ఆర్డరు

తెల్లవారి ఐదుంపావుకు మమ్మల్ని గూడూరు దగ్గర హైవే మీద దించారు. తొమ్మిది మందిమి. వాన తగ్గింది, గాలి తగ్గలేదు. సైన్యంలో ఇంజనీరు దళంలో నాది పంతొమ్మిదో ఏడు. మంచుకొండల్లో చేశాను, ఇసుక ఎడారిలో చేశాను. ఆఖరి డ్యూటీ మాత్రం సొంత జిల్లాలో, తుఫాను సహాయానికి పడింది. మాది వెంకటాచలం పక్కన పల్లె. యూనిఫాం వేసుకుని ఈ గాలి పీల్చడం అదే మొదటిసారి.

మాలో తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే. సుబేదారు సాబ్ పంజాబీ. రేడియో మనిషి తమిళుడు. మందుల సంచీ మోసేవాడు మలయాళీ. అందుకని ఆ రోజు నాకు రెండు పనులు అప్పజెప్పారు. ఒకటి కాంక్రీటు పగలగొట్టే మిషను పట్టడం, రెండోది హిందీలో విన్నది ఊరివాళ్ళకు తెలుగులో చెప్పడం. మొదటి పని సరిగ్గానే చేశాను.

కోట అనే ఊరికి పోయే దారిలో కల్వర్టు కొట్టుకుపోయింది. బరువు సామాను లారీ అక్కడే ఆగిపోయింది. కంప్రెషరు, గాలితో నడిచే మా బ్రేకరు అన్నీ దానిలోనే ఉన్నాయి. చేతికందినవి మోసుకుని నడుము లోతు నీళ్ళలో కాలవ దాటి, కోటలో ట్రాక్టరు ఎక్కి, ఏడూ నలభైకి సముద్రం ఒడ్డున ఒక కుప్పం చేరాం. మా దగ్గర ఉన్నవి రెండు గడ్డపారలు, మూడు సమ్మెటలు, తాళ్ళు, ఒక స్ట్రెచరు, ఒక రేడియో.

ఊరి పేరు చెప్పను. జాలర్ల ఊళ్ళను అక్కడ కుప్పాలంటారు. ఊరి చివర మూతపడిన ఐసు ఫ్యాక్టరీ ఉంది. తుఫాను రాత్రి పదకొండు మంది అందులో తలదాచుకున్నారు. వెనక గది స్లాబు కూలింది. పదిమంది బయటపడ్డారు, చెంచమ్మ అనే ఆవిడ లోపలే ఉండిపోయింది. స్లాబు ఒక అంచు నేల మీద పడి, రెండో అంచు దూలంతో సహా వెనక గోడ మీద ఆనుకుని నిలిచింది. ఆ సందులో ఆమె ఉంది. కాలు సిమెంటు తొట్టి కింద ఇరుక్కుంది. వెనక గోడకు అడుగున ఒక తూము ఉంది. చెయ్యి పడుతుందిగానీ మనిషి పట్టడు. అక్కడ నీళ్ళలో కూర్చుని ఆమె అత్త తూములోంచి కోడలికి టీ అందిస్తోంది. మొగుడు పోలయ్య ముందు వైపు కూలబడి ఏడుస్తున్నాడు.

అసలు భయం నీళ్ళు. గది నేల పల్లం. సాయంత్రం నాలుగింటికి సముద్రం పోటెక్కితే కాలవ నీళ్ళు వెనక్కి తన్ని గది నిండుతుందని ఊళ్ళో అందరూ చెప్పారు. రేడియో మనిషి లారీ గురించి అడిగాడు. "రేపు ఉదయం" అని జవాబొచ్చింది. సుబేదారు సాబ్ నన్ను కోటకు పంపాడు, మిషను అద్దెకు తెమ్మని.

జాక్‌హామర్ అని కాగితాల్లో రాస్తారు. అద్దె షాపుల్లో బ్రేకరు అంటేనే తెలుస్తుంది. కోటలో షాపాయన తలుపు సగం తెరిచి, తడిసిన సామాను తుడుచుకుంటున్నాడు. వెనక గోడకు బైబిలు వాక్యాల క్యాలెండరు వేలాడుతోంది. యూనిఫాం చూసి లేవలేదు. ఏం పగలగొడతారు, గోడా స్లాబా, కింద ఏముంది అని వరసగా అడిగాడు. మనిషి ఉందన్నాను. అప్పుడు లేచాడు. నేను పెద్ద బ్రేకరు అడిగాను, ఇవ్వనన్నాడు. అది కొడితే స్లాబు మొత్తం అదురుతుందట. పదిహేను కిలోల కరెంటు మిషను, పెట్రోలు జనరేటరు ముందు పెట్టాడు.

పంతొమ్మిదేళ్ళ సర్వీసు ఉన్నవాడికి ఈయన నేర్పేదేముందని నాకు లోపల ఉక్రోషమే. అయినా విన్నాను. మిషను మీద ఒళ్ళు వాల్చొద్దన్నాడు, దాని బరువుతోనే దాన్ని దిగనివ్వాలి. వైరు నీళ్ళలో ఆనకూడదు. జనరేటరు పొగ గదిలోకి పోకూడదు. కళ్ళద్దాలు, చేతి తొడుగులు, చెవి బిరడాలు తనే సంచిలో వేశాడు. స్లాబు ఆనిన గోడకు ఆరడుగుల లోపల మొన పెట్టొద్దన్నాడు. చివరికి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"పది నిమిషాలు కొట్టి ఆపండన్నా. ఆపి ఇనండి. అది మోగేటప్పుడు పక్కన మనిషి చచ్చిపోతా అరిచినా ఇనపడదు."

ఒకటీ పదికి మొదలుపెట్టాం. స్లాబు నడిమధ్య రెండడుగుల చదరం గీసుకున్నాం. నేను మిషను పట్టాను. నా పక్కనవాడు చువ్వలు కోసేవాడు. మిగతావాళ్ళు తాళ్ళు పట్టుకుని, పెళ్ళలు మోస్తున్నారు. వెనక గోడ దగ్గర పెట్టడానికి మా మనిషి మిగల్లేదు. అత్తను పది అడుగులు దూరం జరిపి, అక్కడే ఉండి కోడలితో మాట్లాడుతుండమన్నాం.

ఒకటీ ఇరవైకి మొదటిసారి ఆపాం. లోపలి గొంతు వినపడలేదు. పోలయ్య ఏడుపు, ఆడవాళ్ళ శోకాలు, ఎవరెవరి కేకలో. సుబేదారు సాబ్ నాతో హిందీలో రెండు ముక్కలు చెప్పాడు. మిషను ఆగినప్పుడు ఎవరూ మాట్లాడకూడదు. ఏదైనా కదలడం కనపడితే మాత్రం వెంటనే అరవాలి.

నేను ఊరి పెద్ద వైపు తిరిగి మొదటి ముక్క చెప్పాను. రెండోది నోట్లో ఉండగానే ఆయన చెయ్యెత్తాడు.

"దురాయి. మిషను ఆగినాక ఊళ్ళో ఒక్క నోరు లేవకూడదు. మళ్ళా అది మోగినాకే మాట."

దురాయి అంటే ఆ ఊళ్ళలో పెద్దలు వేసే కట్టుబాటు. వేటకు పోవద్దని దురాయి పడితే ఒక్క పడవ కదలదు. రెండు వందల మంది ఒక్కసారిగా నోరు మూశారు. పోలయ్య కూడా తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. మా పటాలంలో కూడా అంత క్రమశిక్షణ చూడలేదని ముచ్చటపడ్డాను. ఆ ముచ్చటలో రెండో ముక్క చెప్పకుండానే మిషను ఎత్తాను.

రెండోసారి ఆపినప్పుడు చెంచమ్మ గొంతు స్పష్టంగా వచ్చింది. "ఇప్పుడు కాస్త నెమ్మదిగా ఉండాదన్నా. మా ఆయన ఏడుపు ముందర మీ మిషను ఏపాటి?" నేను హిందీలో చెప్పాను. మావాళ్ళు నవ్వారు. తొమ్మిది మందిలో ఒక్కడికి కూడా ఆమె బతకదన్న ఆలోచన లేదు.

ప్రతి పది నిమిషాలకు ఆపాం, రెండు నిమిషాలు విన్నాం. చదరంలో మూడు వైపులు తెగాయి. రెండూ ఎనిమిదికి ఐదోసారి ఆపాం. నీళ్ళు నడుముదాకా వచ్చాయని ఆమె చెప్పింది. ఇంకో అరగంట ఓర్చుకోమన్నాను. సరే అంది. రెండూ పదికి మళ్ళీ మొదలుపెట్టాను.

మూడు నిమిషాలయింది. కింద అత్త గోడ చుట్టూ నీళ్ళలో పడుతూ లేస్తూ ముందు వైపుకు వచ్చి, మందుల సంచీవాడి చొక్కా పట్టి లాగుతోంది. నోరు కదులుతోంది, మాట వినపడలేదు. మీట వదిలాను. అప్పుడే నా కాళ్ళ కింద స్లాబు జారింది. పెద్ద శబ్దం కూడా లేదు. వెనక అంచు రెండు జానలు దిగిందంతే.

ఊరు మళ్ళీ మౌనంగా నిలబడింది. చెంచమ్మా అని పిలిచాను. నాలుగుసార్లు పిలిచాను.

మూడూ యాభైకి శవాన్ని పైకి తీశాం. పోలయ్య ఆమె జుట్టులో సిమెంటు పొడి దులుపుతూ కూర్చున్నాడు. అత్త నా దగ్గరకు వచ్చింది. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది.

"దూలం కింద ఇటికెలు జారతా ఉంటే చూస్తానే ఉండా నాయనా. నేను అరిస్తే దాని గొంతు మీకు ఇనపడదేమోనని నోరు మూసుకున్నా. చెయ్యెత్తి చూపించినా. నువ్వు చూడలా."

ఏమందని సుబేదారు సాబ్ అడిగాడు. ఈసారి ఒక్క మాట వదలకుండా చెప్పాను. నేను చెప్పకుండా వదిలేసిన రెండో ముక్క సంగతి కూడా చెప్పాను.  ఆర్డరు తనదని, అది అందరికీ చేరిందో లేదో చూడాల్సింది తనేనని ఆయన అన్నాడు. ఆ మాట నాకు ఓదార్పు కాలేదు.

ఇంకో పదిరోజులు ఆ ఒడ్డునే పనిచేశాం. తిరిగి వెళ్ళేటప్పుడు మిషను కడిగి కోటలో ఇచ్చాను. షాపాయన మొన తిప్పి చూసి, మనిషి ఏమయిందని అడిగాడు. తల అడ్డంగా ఊపాను. ఆయన మిషను లోపల పెట్టుకున్నాడు.

ఆరు నెలలకు రిటైరయి కావలిలో ఇల్లు కట్టుకున్నాను. వీధిలో ఎవరు బాత్రూం గచ్చు పగలగొట్టినా, గోడ తీసినా, బ్రేకరు అద్దెకు తెచ్చుకుని నన్ను పిలుస్తారు. మాస్కు పెట్టుకోమంటాను. గోడలో కరెంటు తీగ, నీళ్ళ పైపు ఎక్కడున్నాయో చూసుకోమంటాను. చేతులు తిమ్మిరెక్కితే మనిషిని మార్చమంటాను. ఆ తర్వాత ఇంట్లో అందరినీ, అంట్లు తోమే ఆమెతో సహా, పిలిచి నిలబెడతాను. ఏం కనపడినా ఎవరైనా సరే అరవొచ్చు, చెయ్యెత్తితే మిషను ఆగాలి అని రెండుసార్లు చెబుతాను. ఈయనకు చాదస్తమని నవ్వుకుంటారు. సైన్యంలో ఎంతమందిని కాల్చారని వాళ్ళ పిల్లలు అడుగుతారు. ఎవరినీ కాల్చలేదంటాను.

సుబేదారు సాబ్‌కు అన్నీ చెప్పానన్నాను. ఒకటి చెప్పలేదు. ఆ ముసలామెకు కూడా చెప్పలేదు.

నేను చూశాను. ఐదోసారి మిషను ఆపినప్పుడు తల తిప్పి వెనక గోడ వైపు చూశాను. ఆమె మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఉంది. ఎడమ చెయ్యి నోటికి అదిమి పెట్టుకుంది. కుడి చెయ్యి పైకెత్తి దూలం వైపు చాపింది. కోడలి కోసం దేవుడికి మొక్కుకుంటోందనుకున్నాను. గడియారం చూసుకుని, మీట నొక్కాను.