తేనెపిట్టల అరుపు, పిన్నిగారి దణ్ణం

ఈ రోజు పొద్దున్న గుడివాడలో మా ఇంటి మందారచెట్టు మీద తేనెపిట్టల జంట ఆగకుండా అరిచింది. గూట్లో వాటి పిల్లలున్నాయి కదా అని కంగారుగా పెరట్లోకి వెళ్లాను. గోడ మీద జెముడుకాకి కూర్చుని ఉంది. పక్కింటి పిన్నిగారు అప్పటికే దానికి దణ్ణం పెడుతున్నారు.

"జెముడుకాకి కనబడితే ఎంతో మంచిదమ్మా!"

"మనకి మంచిదేనండీ, అది వచ్చింది ఆ పిల్లల్ని తినడానికి" అన్నాను.

అంతలో అది కొమ్మ మీదికి దూకి గూటి వైపు మెడ చాచింది. గుప్పెడు కూడా లేని తల్లిపిట్ట దాని మొహం మీదికే ఎగిరింది. పిన్నిగారు జోడించిన చేతులతోనే గట్టిగా చప్పట్లు కొట్టి, "పోవే, పో!" అంటూ తరిమేశారు.

కాసేపటికి తల్లి పురుగుతో వచ్చింది. గూట్లోంచి బుల్లి ముక్కులు తెరుచుకున్నాయి. అవి ఎగిరేదాకా కాపలా తనదేనని పిన్నిగారు ప్రకటించేశారు. మీ పెరట్లో పిట్టలు అరిస్తే ముందు ఎవరు పరిగెత్తుతారు?